బిల్డర్ డబ్బు వాపసు ఇవ్వాలని కన్సూమర్ కమిషన్ ఆర్డర్ ఇచ్చింది, అయినా డబ్బు రాలేదా? వసూలు చేసుకునే పద్ధతి ఇదీ

"కేసు గెలిచామండీ, వడ్డీతో సహా వాపసు ఇమ్మని ఆర్డర్ కూడా వచ్చింది, ఎనిమిది నెలలైంది, బిల్డర్ ఫోనే ఎత్తట్లేదు, ఇప్పుడేం చేయాలి?" ఇలా అడిగేవాళ్లు ఎక్కువైపోయారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకేచోట రాస్తున్నా.

ముందే ఒక మాట. కమిషన్ ఆర్డర్ ఇస్తుంది గానీ, బిల్డర్ డబ్బు ఎక్కడ దాచాడో వెతకడం దాని పని కాదు. అది మీ పనే. ఫలానా బ్యాంకులో ఫలానా ఖాతా, ఫలానా బ్లాకులో ఫలానా ఫ్లాటు అని మీరు చూపిస్తే జప్తు చేస్తుంది, చూపించకపోతే వాయిదా వేస్తుంది. అందుకే కింద ఆస్తులు వెతికే భాగం మిగతావాటికంటే పెద్దది.

ఇదంతా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో జిల్లా లేదా రాష్ట్ర వినియోగదారుల కమిషన్ ఆర్డర్ చేతిలో ఉన్నవాళ్ల కోసం. మీది రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) ఆర్డర్ అయితే దారి వేరు, అక్కడ రెవెన్యూ బకాయిలా వసూలు చేస్తారు.

1. ఆర్డర్ చివరి పేజీని పెన్సిల్ పట్టుకుని చదవండి

మొత్తం తీర్పు ఇరవై పేజీలున్నా మీకు ఇప్పుడు కావాల్సింది చివరి పేరా. అందులో ఇవి గీత గీసి పెట్టుకోండి:

- ఎవరు కట్టాలి: కంపెనీ ఒక్కటేనా, డైరెక్టర్లు కూడానా, "జాయింట్లీ అండ్ సెవరల్లీ" (అందరూ కలిసైనా, ఎవరో ఒక్కరైనా మొత్తం కట్టాలి) అని ఉందా
- అసలు ఎంత, వడ్డీ ఎంత శాతం, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు
- పరిహారం ఎంత, ఖర్చులు ఎంత
- ఎన్ని రోజుల్లో కట్టాలి, ఆ రోజులు ఆర్డర్ తేదీ నుంచా, ఆర్డర్ అందిన తేదీ నుంచా
- గడువు దాటితే వడ్డీ పెరుగుతుందా
- డబ్బు మీకు ఇవ్వాలా, హోమ్‌లోన్ బ్యాంకుకు కట్టాలా

మొదటి పాయింటు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఆర్డర్ కంపెనీ మీద మాత్రమే ఉంటే, మేనేజింగ్ డైరెక్టర్ సొంత విల్లా ఎంత ఖరీదైనదైనా దాన్ని జప్తు చేయమని అడగలేరు. అమలు చేసే దశలో కమిషన్ ఆర్డర్‌ను దాటి వెళ్లదు. డైరెక్టర్ల మీద కేసు పెట్టినా చివరి పేరాలో వాళ్ల పేర్లు లేకపోతే, అప్పీల్ గడువు అయిపోకముందే లాయర్ని కలవండి. తర్వాత ఎంత మొత్తుకున్నా ఉపయోగం ఉండదు.

పేర్లు, అంకెల్లో కళ్లకు కనిపించే తప్పు ఉంటే 30 రోజుల్లో అదే కమిషన్‌లో సరిచేయమని అడగొచ్చు.

మీ కేసు 2020 జులై 20కి ముందు వేసినదైతే పాత 1986 చట్టం సెక్షన్లు 25, 27 చూసుకోవాలి. తర్వాత వేసినదైతే 2019 చట్టం సెక్షన్లు 71, 72. పాత చట్టంలో కలెక్టర్‌కు రికవరీ సర్టిఫికెట్ పంపే పద్ధతి ఉండేది. కొత్త చట్టం దాన్ని తీసేసి, సివిల్ కోర్టు డిక్రీని ఎలా అమలు చేస్తారో అలాగే చేయమంది, అంటే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 21. పాత వీడియోలు చూసి "కలెక్టర్ వసూలు చేసి పెడతాడు" అనుకుని కూర్చోకండి.

2. గడువు, అప్పీల్, స్టే: మూడూ వేర్వేరు

సర్టిఫైడ్ కాపీ తీసుకోండి, మొదటి కాపీ పార్టీలకు ఉచితమే. బిల్డర్‌కు ఆర్డర్ ఏ రోజు అందిందో రుజువు కూడా కావాలి. కమిషన్ పంపింది చాలదని నా అభిప్రాయం, మీరూ ఒక కాపీ కంపెనీ రిజిస్టర్డ్ అడ్రస్‌కు స్పీడ్‌పోస్టులో, ఈమెయిల్‌లో పంపి డెలివరీ రిపోర్టు దాచుకోండి. "మాకు ఆర్డరే అందలేదు" అన్నది మొదటి వాయిదాలో వినిపించే మొదటి పాట.

జిల్లా కమిషన్ ఆర్డర్ మీద రాష్ట్ర కమిషన్‌కు అప్పీల్ గడువు 45 రోజులు. రాష్ట్ర కమిషన్ నుంచి జాతీయ కమిషన్‌కు 30 రోజులు. ఆలస్యానికి కారణం చూపిస్తే అప్పీల్ తీసుకోవచ్చు గానీ, కట్టమన్న మొత్తంలో సగం జమ చేయనిదే అప్పీల్ విచారణకు రాదు.

అప్పీల్ వేయగానే స్టే వచ్చినట్టు కాదు. బిల్డర్ మనిషి వచ్చి "అప్పీల్‌లో ఉందండీ" అంటే ఒకటే అడగండి: స్టే ఆర్డర్ కాపీ ఏది? అది లేకపోతే మీ పని ఆపక్కర్లేదు.

చేయాల్సినవి:

- రాష్ట్ర కమిషన్‌లో కేవియట్ (మీ మాట వినకుండా ఆర్డర్ ఇవ్వొద్దన్న ముందస్తు దరఖాస్తు) వేయండి, 90 రోజులు పనిచేస్తుంది, మీకు చెప్పకుండా స్టే తెచ్చుకోవడం కష్టమవుతుంది
- వినియోగదారుల కేసులు కనిపించే ఈ-జాగృతి పోర్టల్‌లో బిల్డర్ పేరుతో, మీ పేరుతో వారానికోసారి వెతకండి
- అప్పీల్ వేస్తే, సగం సొమ్ము జమైందో లేదో ఆఫీసులో కనుక్కోండి. అప్పీల్ కొట్టేస్తే ఆ సొమ్ము విడుదల చేయమని వెంటనే పిటిషన్ పెట్టుకోవచ్చు

3. లెక్క షీటు

ఇది తప్పుగా వేస్తే ప్రతి వాయిదాలోనూ దాని మీదే గొడవ. ఆర్డర్‌లో "చెల్లించిన తేదీల నుంచి" వడ్డీ అని ఉంటే ఒక్కో చెల్లింపుకు ఒక్కో వరుస వేయాలి, మొత్తం మీద ఒకే తేదీ పెట్టకూడదు. చక్రవడ్డీ వేయకండి, ఆర్డర్‌లో ఉంటే తప్ప.

ఒక ఉదాహరణ. అసలు 24 లక్షలు, 9 శాతం వడ్డీ, 2020 జులై 1 నుంచి 2025 జూన్ 30 వరకు.

- ఏడాది వడ్డీ: 2,16,000
- ఐదేళ్ల వడ్డీ: 10,80,000
- పరిహారం: 1,00,000
- ఖర్చులు: 10,000
- ఆ రోజుకు మొత్తం: 35,90,000

ఇప్పుడు బిల్డర్ ఒక 10 లక్షలు పంపించి "అసల్లో తగ్గించుకోండి" అన్నాడనుకోండి. వెంటనే ఒప్పుకోకండి. ఆర్డర్ వేరేగా చెప్పకపోతే ముందు ఖర్చులకు, వడ్డీకి, ఆ తర్వాతే అసలుకు జమ చేసుకోవాలన్నది సాధారణ నియమం. అలా చేస్తే మీ 24 లక్షల అసలు అలాగే ఉండి దాని మీద ఏడాదికి 2,16,000 వడ్డీ నడుస్తూనే ఉంటుంది. అసల్లో తగ్గిస్తే మిగిలిన 14 లక్షల మీద 1,26,000 మాత్రమే. ఏడాదికి 90,000 తేడా. డబ్బు అందిన రోజే "వడ్డీ కింద జమ చేసుకున్నాం" అని ఒక ఈమెయిల్ పడేయండి.

4. ఒక నోటీసు, పదిహేను రోజులు

తప్పనిసరి కాదు, అయినా పంపండి. ఆర్డర్ నంబరు, తేదీ, ఈరోజుకు రావాల్సిన మొత్తం, రోజువారీ వడ్డీ, మీ బ్యాంకు ఖాతా వివరాలు. బెదిరింపులు, బాధలు ఏమీ వద్దు. ఖాతా వివరాలు ఎందుకంటే, "ఎక్కడ కట్టాలో తెలియక ఆగాం" అన్న సాకు కూడా నేను విన్నాను.

5. ఆస్తుల వేట

పిటిషన్ వేశాక వెతుకుదాంలే అనుకోకండి. నోటీసు అందిందంటే ఖాతాలు ఖాళీ అవుతాయి, ఫ్లాట్లు బావమరిది పేరు మీదకు మారతాయి. వెతకడం ముందు, వేయడం తర్వాత.

మా ఇంట్లో జరిగింది చెప్తా. మా బావగారి కేసులో పాత రసీదు మీదున్న ఖాతా నంబరే పిటిషన్‌లో రాశాం. బ్యాంకుకు ఆర్డర్ వెళ్లి జవాబు రావడానికి రెండు వాయిదాలు పట్టింది, తీరా చూస్తే ఆ ఖాతా మూడేళ్ల కిందటే మూసేశారు! ఆలోపు బిల్డర్ జాగ్రత్తపడిపోయాడు. కాబట్టి మీ రసీదు మీదున్న ఖాతా కాదు, ఈరోజు డబ్బు పడుతున్న ఖాతా కావాలి.

ఖాతాలు. అదే బిల్డర్ ఇప్పుడు అమ్ముతున్న ప్రాజెక్టులో ఎవరైనా తెలిసినవాళ్లు కొన్నారా చూడండి. వాళ్లకు వచ్చే డిమాండ్ లెటర్ మీద ఖాతా నంబరు ఉంటుంది. మెయింటెనెన్సు గ్రూపులు, కొనుగోలుదారుల వాట్సాప్ గ్రూపులు ఇందుకు బంగారం. రెరా ప్రాజెక్టు ఖాతా ఒకటి దొరకొచ్చు గానీ, కొన్నవాళ్లు కట్టే డబ్బులో 70 శాతం ఉండే ఆ ఖాతా నిర్మాణానికీ స్థలానికీ మాత్రమే వాడాలి కాబట్టి దాని జప్తు మీద అభ్యంతరం చెప్తారు. కంపెనీ మామూలు కరెంట్ ఖాతా మేలు.

అమ్ముడుపోని ఫ్లాట్లు. రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పేజీ తెరిస్తే ఎన్ని యూనిట్లు అమ్మారో, ఎన్ని మిగిలాయో బిల్డరే రాసి ఉంటాడు. అక్కడి ఫ్లాటు నంబరు పట్టుకుని రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే పత్రం) తీయండి. ఈసీలో అమ్మకం కనపడకపోతే, తనఖా కనపడకపోతే, అది మీ లిస్టులో మొదటి ఆస్తి.

ఇక్కడ మన ఊళ్లలో ఒక చిక్కుంది. చాలా అపార్ట్‌మెంట్లు డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ మీద కట్టినవి. స్థలం యజమానికి కొన్ని ఫ్లాట్లు, బిల్డర్‌కు కొన్ని. ఓనర్ వాటా ఫ్లాటును జప్తుకు పెడితే ఆయన అభ్యంతరం పిటిషన్ వేస్తాడు, అది తేలేసరికి నెలలు. అందుకని డెవలప్‌మెంట్ అగ్రిమెంట్‌తో పాటు, ఏ ఫ్లాటు ఎవరిదో పంచుకున్న సప్లిమెంటరీ అగ్రిమెంట్ నకలు కూడా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకోండి. బిల్డర్ వాటా నంబర్లే రాయండి.

ఇంకోటి. హైదరాబాద్ చుట్టుపక్కల పర్మిషన్ ఇచ్చేటప్పుడు 10 శాతం బిల్టప్ ఏరియాను జీహెచ్‌ఎంసీకో హెచ్‌ఎండీఏకో తనఖా పెట్టించుకుంటారు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక విడుదల చేస్తారు. ఆ ఫ్లాట్లు సాధారణంగా చివరిదాకా బిల్డర్ చేతిలోనే ఉంటాయి. సర్టిఫికెట్ వచ్చిందని తెలిస్తే ఆ వారమే వాటి ఈసీ చూడండి, మీకంటే ముందు కొనేవాడు వచ్చేస్తాడు.

కంపెనీ వివరాలు. కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వశాఖ పోర్టల్‌లో కంపెనీ మాస్టర్ డేటా ఉచితం. డైరెక్టర్లు, రిజిస్టర్డ్ అడ్రస్, ఏ బ్యాంకుకు ఏం తాకట్టు పెట్టారో కనిపిస్తుంది. కొద్ది ఫీజు కడితే బ్యాలెన్స్ షీట్ కూడా చూడొచ్చు, అందులో అప్పులు, స్థలాలు, సిస్టర్ కంపెనీలకు ఇచ్చిన అడ్వాన్సులు ఉంటాయి. తాకట్టులో ఉన్న ఆస్తి మీద బ్యాంకుదే ముందు హక్కు, దాన్ని మీ లిస్టులో కిందకు నెట్టండి.

రావాల్సిన డబ్బు. బిల్డర్ తన షాపు అద్దెకిచ్చాడా? ఆ అద్దెదారు కట్టే అద్దెను కమిషన్‌లో జమ చేయమని అడగొచ్చు. దీన్ని గార్నిషీ అంటారు. చాలామంది దీన్ని మర్చిపోతారు.

పిటిషన్ వేసేముందు చేతిలో ఉండాల్సినవి:

- కనీసం ఒక నడుస్తున్న ఖాతా, బ్యాంకు, బ్రాంచి పేరుతో
- రెండు మూడు ఫ్లాట్లు లేదా స్థలాలు: నంబరు, సర్వే నంబరు, నాలుగు హద్దులు, తాజా ఈసీ
- కంపెనీ మాస్టర్ డేటా ప్రింటు
- కార్లు, ఆఫీసు సామాను గురించి తెలిసినంత (వీటితో పెద్దగా రాదు, అయినా రాయండి)

6. సెక్షన్ 71 వేయాలా, 72 వేయాలా?

రెండూ వేయండి, కానీ విడివిడి పిటిషన్లుగా.

71 అంటే వసూలు: ఖాతా జప్తు, ఆస్తి జప్తు, వేలం. 72 అంటే శిక్ష: ఆర్డర్ పాటించనందుకు నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా 25,000 నుంచి లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. దీనికోసం కమిషన్‌కు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ అధికారాలున్నాయి.

అందరికీ 72 మీదే మోజు. వారెంట్ వస్తే బిల్డర్ పరిగెత్తుకొస్తాడని. నిజమే, వస్తాడు. బెయిల్ తీసుకుంటాడు, రెండు లక్షలు కట్టి టైమ్ అడుగుతాడు. ఆ జరిమానా కూడా మీకు రాదు, ప్రభుత్వానికి పోతుంది. నా లెక్కలో 72 భయపెట్టడానికి, 71 డబ్బు రాబట్టడానికి. ఒక్కటే వేసే ఓపిక ఉంటే 71 వేయండి.

7. పిటిషన్ తయారీ

కేసు మొదట ఏ కమిషన్‌లో వేశారో అక్కడే వేయాలి, అప్పీల్ ఢిల్లీ దాకా వెళ్లొచ్చినా సరే. లాయర్ తప్పనిసరి కాదు, మీరే వాదించుకోవచ్చు. కానీ ఆస్తి వేలం దాకా వెళ్లేలా ఉంటే సివిల్ ఎగ్జిక్యూషన్ పిటిషన్లు చేసిన లాయర్ని పెట్టుకోవడం మంచిది, కన్సూమర్ కేసులు మాత్రమే చేసేవాళ్లకు ఆర్డర్ 21 అంతగా అలవాటు ఉండకపోవచ్చు.

పిటిషన్‌లో వరుసగా ఉండాల్సినవి:

- అసలు కేసు నంబరు, పార్టీల పేర్లు, ఆర్డర్ తేదీ
- అప్పీల్ ఉందా, దాని ఫలితం ఏమిటి
- ఇప్పటిదాకా ఏమైనా కట్టారా, ఎంత, ఎప్పుడు
- ఇంతకుముందు అమలు పిటిషన్ వేశారా
- అసలు, వడ్డీ, ఖర్చులు, మొత్తం
- ఎవరి మీద అమలు కోరుతున్నారు
- ఏ రూపంలో సాయం కావాలి: ఖాతా జప్తు, స్థిరాస్తి జప్తు, వేలం

జత చేయాల్సినవి: సర్టిఫైడ్ కాపీ, లెక్క షీటు, నోటీసు, డెలివరీ రుజువు, ఆస్తుల షెడ్యూలు, ఈసీలు, అఫిడవిట్.

తరచూ జరిగే తప్పు: "ప్రతివాది ఆస్తులన్నీ జప్తు చేయండి" అని ఒక్క లైను రాయడం. అలాంటిదానికి ఏ ఆర్డరూ రాదు. ఇంకో తప్పు, రెండేళ్లు దాటనివ్వడం. అలా దాటితే జప్తుకు ముందు బిల్డర్‌కు ప్రత్యేకంగా నోటీసు ఇవ్వాల్సి వస్తుంది, అంటే మీరే అతనికి సర్దుకునే టైమ్ ఇచ్చినట్టు.

8. వాయిదాల్లో ఏది ముందు అడగాలి

మొదట ఖాతా జప్తు. పిటిషన్‌తోనే విడిగా ఒక మధ్యంతర దరఖాస్తు పెట్టి, నోటీసుకు ముందే ఖాతా ఆపమని అడగండి. ప్రతిసారీ ఒప్పుకోరు, అడగడంలో తప్పు లేదు.

తర్వాత ఆస్తుల అఫిడవిట్. ఆర్డర్ వచ్చి 30 రోజులైనా డబ్బు కట్టకపోతే, తన ఆస్తులన్నీ ప్రమాణపూర్వకంగా రాసివ్వమని ఆదేశించమని కోరొచ్చు. ఇది ఆర్డర్ 21లో రూల్ 41. కంపెనీ అయితే దాని అధికారి ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడు నెలల దాకా సివిల్ జైలు. మీకు ఆస్తులు పెద్దగా దొరకలేదా, అయితే ఇదే మీ ముఖ్యమైన ఆయుధం. అఫిడవిట్ ఇచ్చాక దాన్ని బ్యాలెన్స్ షీట్‌తో పక్కపక్కన పెట్టి చదవండి, దాచింది అక్కడే బయటపడుతుంది.

మూడోది స్థిరాస్తి జప్తు. ఆర్డర్ రాగానే సంబరపడి ఇంటికి రాకండి. ఆ కాపీ సబ్‌రిజిస్ట్రార్‌కు చేరి, ఈసీలో ఎక్కిందో లేదో మీరే వెళ్లి చూడాలి. జప్తు తర్వాత చేసే అమ్మకం మీ హక్కు ముందు చెల్లదు, నిజమే. కానీ ఈసీలో లేకపోతే బిల్డర్ ఎవరో అమాయకుడికి అమ్మేస్తాడు, ఆయనతో మీకు ఇంకో కేసు.

ఆఖరుది వేలం. ఇక్కడిదాకా వచ్చేలోపే చాలామంది బిల్డర్లు రాజీకి దిగుతారు.

ప్రతి వాయిదాకు: తాజా లెక్క షీటు, గత వాయిదా ఆర్డర్ ప్రింటు, ఈరోజు ఏం అడుగుతున్నారో ఒక పేజీ మెమో.

9. బిల్డర్ ఎత్తులు

*వాయిదాల్లో కడతా.* ఒప్పుకోవచ్చు, కానీ కమిషన్ ముందు రాయించి. ఒక్క వాయిదా తప్పినా మొత్తం ఒకేసారి కట్టాలన్న షరతు పెట్టండి, జప్తు మాత్రం ఎత్తేయనివ్వకండి.

*పోస్ట్‌డేటెడ్ చెక్కులు.* చెక్కు తీసుకున్నాక పిటిషన్ వెనక్కి తీసుకోకండి. బౌన్స్ అయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, అతనికి 15 రోజులు, ఆ తర్వాత నెలలోపు చెక్కు బౌన్స్ కేసు. తేదీలు క్యాలెండర్‌లో రాసుకోండి.

*డబ్బు బదులు ఇంకో ప్రాజెక్టులో ఫ్లాటు.* మీ ఇష్టం. నేనైతే వద్దంటా.

*కంపెనీ దివాలా.* ఇదొక్కటే నిజంగా టెన్షన్ పెట్టేది. ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్) దివాలా పిటిషన్‌ను అనుమతిస్తే మారటోరియం (వసూళ్ల మీద తాత్కాలిక నిషేధం) మొదలై, కంపెనీ మీద మీ జప్తు ఆగిపోతుంది. అప్పుడు కమిషన్ చుట్టూ తిరగకుండా, పత్రికా ప్రకటనలో ఇచ్చిన గడువులోపు, అంటే సాధారణంగా 14 రోజుల్లో, దివాలా వ్యవహారం చూసే రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు ఫారం సీఏలో క్లెయిమ్ వేయండి. రెరా ఆర్డర్ చేతిలో ఉన్నా ఇల్లు కొన్నవాళ్లు ఫైనాన్షియల్ క్రెడిటర్లే (కంపెనీకి అప్పిచ్చినవాళ్లతో సమానమే) అని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. ఆర్డర్‌లో కంపెనీతో పాటు డైరెక్టర్ల మీద కూడా బాధ్యత పెట్టి ఉంటే, వాళ్ల మీద అమలు నడుస్తుంది, మారటోరియం కంపెనీకే. డైరెక్టర్ తనే వ్యక్తిగత దివాలా వేసుకున్నా, ఆర్డర్ పాటించనందుకు వినియోగదారుల కమిషన్ వేసే జరిమానాలు ఆగవని 2025 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది.

10. డబ్బు చేతికి వచ్చేటప్పుడు

బిల్డర్ లాయరు "ముందు క్యాన్సిలేషన్ డీడ్ మీద సంతకం పెట్టండి, సాయంత్రం డబ్బు వేస్తాం" అంటాడు. సాయంత్రం రాదు. ఒరిజినల్ అగ్రిమెంట్, రసీదులు, రద్దు పత్రం, ఇవన్నీ డబ్బు ఖాతాలో పడ్డాకే, లేదంటే కమిషన్ హాల్లో డిమాండ్ డ్రాఫ్టుకు ఎదురుబదురుగా.

- బయట అందిన ప్రతి రూపాయినీ మెమో వేసి కమిషన్‌లో రికార్డు చేయించండి
- వడ్డీ మీద టీడీఎస్ కోశానంటే సర్టిఫికెట్ అడగండి, అది నిజంగా మీ పాన్ మీద జమైందా చూడండి
- హోమ్‌లోన్ ఉంటే అది తీరి బ్యాంకు నో డ్యూస్ ఇచ్చేదాకా ఈఎంఐ ఆపకండి, మీ సిబిల్ దెబ్బతింటుంది
- "పూర్తిగా ముట్టింది" అన్న మెమో మీద సంతకం, డబ్బు జమైన రోజు వరకు వడ్డీ లెక్కేసి ఆఖరి రూపాయి సరిపోయిందని చూసుకున్నాకే